ఒక్కదానివేనా?

మన కాలేజీ సావనీరులో ప్రతి ఏడూ ఒక విహారయాత్ర వ్యాసం ఉంటుంది. లైబ్రరీలో పాత సంచికలు తిరగేసినవారికి ఈ సంగతి తెలుసు. రాత్రి బస్సు బయల్దేరడం, అంత్యాక్షరి, ఘాటు రోడ్డులో ఎవరికో వాంతులు, పొద్దున్నే టిఫిన్లు, ఆ తరువాత చూసిన స్థలాల పట్టిక, చివర వెంట వచ్చిన లెక్చరర్లకు కృతజ్ఞతలు. అందులో చాలా భాగం విశాఖపట్నం గురించే. నేనూ విశాఖపట్నం గురించే రాయబోతున్నాను గనుక విసుగు పుట్టిన మిత్రులు పేజీ తిప్పేయవచ్చు. తిప్పేముందు ఒక్క మాట. ఆ వ్యాసాలన్నిటిలోనూ బస్సు నడిచింది గాని మనిషి నడవలేదు.

నాకు విశాఖ కొత్త ఊరేమీ కాదు. మా మేనమామ అక్కడి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. (1992లో ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది మన కరీంనగర్ జిల్లా మనిషి, అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు గారు. ఈ ముక్క మా మామ వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాడు.) నాకు అయిదేళ్ళప్పటి నుంచీ సెలవులంటే విశాఖే. మంచిర్యాలలో బండెక్కి వరంగల్లో దిగి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే తెల్లారేసరికి సముద్రపు గాలి. కురుసుర జలాంతర్గామి లోపలికి నాలుగుసార్లు దిగాను. అది 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో కొలువు చేసి, 2002 నుంచి బీచి ఒడ్డున మ్యూజియమై కూచున్నది. కైలాసగిరి, సింహాచలం ఎన్నిసార్లో లెక్కలేదు. మొదట మామ స్కూటరు మీద ముందు నిలబడి, తరువాత వెనుక కూచుని, ఆ తరువాత కారు వెనుక సీట్లో. దిగు, ఫోటో తీసుకో, ఎక్కు. పదిహేనేళ్ళలో విశాఖను నాకు చాలామంది చూపించారు. నేను చూశానా అంటే మాత్రం ఏం చెప్పాలో తోచదు.

ఎందుకంటే చూడడం అంటే ఏమిటో మా ఇంట్లో నాకు వేరే కొలత ఉంది. మాది లక్సెట్టిపేట. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో తాలూకా కేంద్రం, 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో మండలం. కడెం కాలువ కింద మాకు నాలుగెకరాలు. మా బాపు రోజూ తెల్లవారకముందే లేచి ఆ నాలుగెకరాల గట్లన్నీ ఒకసారి తిరిగి వస్తాడు. ఏ మడిలో నీళ్ళు నిలుస్తున్నయి, ఎండ్రికాయలు గట్టుకు ఎక్కడ బొక్క పెట్టినయి, పక్కవాడు రాత్రి నీళ్ళు ఎటు మలుపుకున్నడు, ఇవన్నీ ఆయన కాళ్ళకే తెలుస్తాయి. రోడ్డు మీద మోటారు సైకిలు ఆపి "పొలం మంచిగుందే" అనేవాళ్ళను చూసి ఆయన నవ్వుతాడు. ఆ లెక్కన నాకు విశాఖ పొలం రోడ్డు మీది నుంచే తెలుసు.

కనుక మొన్న సంక్రాంతి సెలవుల్లో, ఒకరోజు ఒక్కదాన్నే కాలినడకన ఊరు తిరిగి వస్తానన్నాను. అంత పెద్ద కోరిక కోరానని అప్పుడు నాకు తెలియదు.

"ఏం పనుంది బిడ్డా?" అన్నాడు బాపు ఫోన్లో. పని ఏమీ లేదన్నాను. "పని లేనిది ఎందుకు పోతవు మరి?" అత్తమ్మ అయితే బావను తోడు తీసుకపొమ్మన్నది. బావ నాకన్నా మూడేళ్ళు చిన్న. దారి వాడికన్నా నాకే బాగా తెలుసు. అయినా వాడు మగపిల్లవాడు గనుక తోడు, నేను ఆడపిల్లను గనుక తోడు కావలసినదాన్ని! చివరికి గంట గంటకూ ఫోన్ చేయాలన్న షరతు మీద వదిలారు.

మన భాషలో ఒక సామెత ఉంది. తిరిగి ఆడది చెడింది, తిరగక మగవాడు చెడ్డాడు. దీన్ని మా అవ్వ కూడా అంటుంది. అదే అవ్వ పొద్దున సద్ది పట్టుకొని చేనుకు పోతుంది, మధ్యాహ్నం గడ్డిమోపుతో వస్తుంది, పత్తి ఏరే రోజుల్లో పొద్దంతా సాళ్ళ వెంట నడుస్తూనే ఉంటుంది. కొలిస్తే మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ నడిచేది ఆమే. ఆమెను ఎవరూ తిరుగుబోతు అనరు. నెత్తి మీద మోపు ఉంది గనుక. అంటే మన ఊళ్ళకు ఆడదాని నడక మీద కోపం లేదు. మోపు లేని నడక మీదనే కోపం. మగవాడు ఊరికే తిరిగితే దానికి షికారు అని పేరుంది, లోకజ్ఞానం అని పేరుంది, కాస్త పెద్దవాడైతే పాదయాత్ర అని కూడా పేరుంది. మనకు మాత్రం ఒక్కటే మాట మిగిలింది. ఆ మాట సావనీరులో మళ్ళీ మళ్ళీ అచ్చువేయడం బాగుండదు.

సరే, నడక సంగతికి వస్తాను.

గాజువాకలో బస్సు మారి పాత పోస్టాఫీసు దగ్గర దిగేసరికి ఇంకా ఎండ రాలేదు. ఇన్నేళ్ళలో నేను పాతబస్తీకి ఒక్కసారీ రాలేదు. అక్కడ "చూడవలసిందేమీ లేదు" అని మా వాళ్ళ తీర్మానం. కురుపాం మార్కెట్టు అప్పుడే తెరుస్తున్నారు. దాపులో విక్టోరియా రాణి విగ్రహం. నూరేళ్ళకు పైగా ఆ మహాతల్లి ఏ పనీ లేకుండా వీధిలో ఒంటరిగా నిలబడి ఉంది, ఇంతవరకు ఆమెను ఎవరూ ఏమీ అడిగినట్లు లేదు. ఆమెను చూస్తూ నిలబడ్డ నన్ను మాత్రం పాలపాకెట్లు పట్టుకొని పోతున్న ఒక ముసలాయన ఆగి అడిగాడు. "ఒక్కదానివేనా అమ్మా? ఎవరింటికి రావాలి?"

అది మొదటిసారి. సాయంత్రం దాకా లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు.

ఆ వీధులు ఎక్కీ దిగీ పోతుంటాయి. విశాఖ కొండల ఊరని భూగోళంలో చదివాను, స్కూటరు మీద ఎన్నోసార్లు ఎక్కాను కూడా. కాని కొండ ఎక్కుతున్నామని మోకాళ్ళు చెప్పినట్లు ఇంజను చెప్పదు. రేవు దగ్గర మూడు గుట్టలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చర్చి ఉన్న రాస్ హిల్ మీదికి ఎక్కి ఇటు తిరిగితే ఊపిరి ఆగినంత పనైంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దానికీ మనకూ మధ్య ఇరుకైన నీటి దారి. పెద్ద ఓడలు ఆ సందులోంచి ఇళ్ళ పెరట్లోంచి వచ్చినట్లు వస్తాయి. ఈ రేవు 1933లో తెరిచారు. మొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసింది ఈ ఊరి మీదే. స్వతంత్రం వచ్చాక 1948 మార్చిలో నెహ్రూ గారు నీళ్ళలోకి దించిన జల ఉష ఓడ తయారైంది ఈ ఊళ్ళోనే. ఇవన్నీ పోటీ పరీక్షల పుస్తకాల్లో బట్టీ పట్టినవే. గుట్ట మీద నిలబడితే ఆ సంవత్సరాలు ఒక చోటుకు అతుక్కున్నాయి. తేదీలు గుర్తుండడం లేదని బాధపడే చరిత్ర విద్యార్థులకు ఇది నా ఉచిత సలహా.

కింద రాళ్ళు చూశాను. ఎర్రగా తుప్పు పట్టినట్లుండే రాయి, అందులో చిన్న చిన్న గార్నెట్ గింజలు. ఖొండలైట్ అంటారు, తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఇదే. ప్రాక్టికల్ పరీక్షలో ట్రేలో పెట్టిచ్చే ముక్క ఇక్కడ ఇళ్ళకు పునాది.

అక్కడి నుంచి ఫిషింగ్ హార్బరు. దారి అడిగితే ఒక ఆటో డ్రైవరు "ఒక్కరే ఎళ్తారా, అక్కడ కంపు" అన్నాడు. కంపు నిజమే. కాని చెప్పాలంటే ఆ రోజంతా నాకు అన్నిటికన్నా నిబ్బరంగా అనిపించిన చోటు అదే. బోట్లు వచ్చి ఆగుతున్నాయి, చేపల కుప్పలు పోస్తున్నారు, వేలం కేకలు, తడి నేల, ఐసు ముక్కలు. ఎటు చూసినా ఆడవాళ్ళు. కూచుని బేరం చేసేవాళ్ళు, నిలబడి తిట్టేవాళ్ళు, అల్యూమినియం గిన్నెలు ఆటోల్లోకి ఎక్కించేవాళ్ళు. సముద్రంలోకి పోయేది మగవాళ్ళు, ఒడ్డున లెక్కలు చూసేది వీళ్ళు. కవళ్ళ కుప్ప ముందు కూచున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, ఒక్కదానివే వచ్చినావేటి?" అన్నది. అవునన్నాను. "మంచిపని సేసినావు. మీది తెలంగాణానా? మాట అలాగున్నాది. కూకో" అని ప్లాస్టిక్ డబ్బా తిప్పి పీట వేసింది.

ఆమె దగ్గర అరగంట కూచున్నాను. ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం, ఆ రెండు నెలల ఇల్లు గడవడం గురించి చెప్పింది. 2023 నవంబరులో ఒక రాత్రి ఇక్కడ మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయిన సంగతి చెప్పింది. అన్నిటికన్నా నాకు బాగా అర్థమైంది ధర సంగతి. చేప ఆగదు, సాయంత్రానికి పాడవుతుంది, అందుకని కొనేవాడు చెప్పిందే ధర. మా పత్తి కాంటా దగ్గర బాపు మొహం గుర్తొచ్చింది. పత్తి పాడవదు గాని అప్పు ఆగదు. నేను ఆ మాట అంటే ఆమె "మరే, మీకూ అంతేనేటి?" అని తల ఊపింది. కారు వెనుక సీట్లో కూచున్న పదిహేనేళ్ళలో నాతో విశాఖ మనిషి ఎవరూ ఇంతసేపు మాట్లాడలేదు.

అక్కడి నుంచి బీచి రోడ్డు వెంట ఉత్తరంగా నడక. చెప్పులు చేత పట్టుకొని ఇసుకలో దిగాను. సైన్సు విద్యార్థినిని గనుక ఊరికే నడవలేక ఒక పిచ్చి పని మొదలుపెట్టాను. నీటి అంచు నుంచి రోడ్డు గోడ దాకా అడుగులు లెక్కపెట్టడం. ఒకచోట తొంభై అడుగులు దాటింది, కొంతదూరం పోయాక ముప్పై అయిదు, ఇంకొకచోట అలలు రాళ్ళనే తాకుతున్నాయి, ఇసుకే లేదు. కారులోంచి చూస్తే బీచి అంతా ఒకటే పట్టీ. దీనికి కారణం పుస్తకాల్లో ఉంది. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు ఏటవాలుగా వచ్చి ఇసుకను తీరం వెంట ఉత్తరానికి తోసుకుపోతాయి. 1976లో బయటి హార్బరు వచ్చింది, దానికోసం సముద్రంలోకి కట్టిన గోడలు ఆ ఇసుక దారికి అడ్డం పడ్డాయి. అడ్డానికి దక్షిణాన మేట, ఉత్తరాన కోత. రామకృష్ణా బీచి ఉత్తరాన ఉంది. అందుకని రేవు దగ్గర తోడిన ఇసుకను తెచ్చి ఈ బీచిలో పోస్తుంటారు. కాలువకు పైన ఒకడు అడ్డం వేస్తే కింది మడి ఎండిపోయినట్లే. ఈ నీళ్ళనూ ఈ ఇసుకనూ 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు పరిశీలించాడు. నా తొంభై అడుగులు ఆయన లెక్కల ముందు పిల్లల ఆటే, కాని ఆ లెక్కలు నా అరికాళ్ళకు అర్థమైంది అప్పుడే.

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న భాగం. పార్కులు, బొమ్మలు, రంగు దీపాలు, కూచోడానికి బెంచీలు ఉన్న చోట, అంటే మనలాంటి వాళ్ళు చూడాలనే కట్టిన చోట, మోటారు సైకిలు మీద ఒకడు నా వెంట పడ్డాడు. నేను ఆగితే ఆగడం, నడిస్తే మెల్లగా నడపడం. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద మనుషులు పలచగా ఉన్నారు. బెంచీల మీద కూచున్న మగవాళ్ళు చూస్తున్నారు, అంతే. నేను మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఒకామె బండి దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆమెకు నేనేమీ చెప్పలేదు. ఆమే చూసి, విసనకర్ర ఎత్తి, "ఒరే, ఏటిరా అక్కడ? ఎల్లు!" అని అరిచింది. వాడు పోయాడు. తరువాత నా వైపు తిరిగి అడిగింది. "ఒక్కదానివేనా?"

ఇంటికి పోయి ఈ సంగతి చెబితే వెంటనే తీర్పు వచ్చేస్తుందని తెలుసు. చూశావా, అందుకే వద్దన్నాం! మన కాలేజీలోనూ ఇదే వాదం వింటాను. విజ్ఞులైన లెక్చరర్లు కూడా మా మేలు కోరే అంటారు, కాదనను. భయం అబద్ధమని నేను అనడం లేదు. నా వాదం వేరే. ఆ రోజు ఏ చోట భయం వేసింది, ఏ చోట వేయలేదు అని పక్కపక్కన పెట్టి చూశాను. చేపల రేవులో, కురుపాం మార్కెట్లో, పాతబస్తీ సందుల్లో వేయలేదు. అక్కడ ఆడవాళ్ళున్నారు, పని చేస్తూ, అరుస్తూ, గడప మీద కూచుని. అందంగా తీర్చిన చోట వేసింది. అక్కడ ఆడవాళ్ళు లేరు. సాయంత్రం అదే చోట కుటుంబాలు వచ్చి నిండాక నేను మళ్ళీ పోయి చూశాను, భయం లేదు. నమూనా చిన్నదని మా స్టాటిస్టిక్స్ మాస్టారు నవ్వుతారేమో. కాని చోటు ప్రమాదం గనుక ఆడవాళ్ళను పంపమంటున్నాం, పంపడం లేదు గనుక ఆ చోటు ఖాళీ అవుతున్నది, ఖాళీ గనుక ప్రమాదమవుతున్నది. ఈ గుండ్రటి లెక్క ఎక్కడో ఒకచోట తెగాలి గదా. ముంబయి వీధుల మీద ముగ్గురు స్త్రీలు కలిసి 2011లో 'వై లాయిటర్?' అని ఒక పుస్తకమే వెలువరించారు. పని లేకుండా వీధిలో ఉండే హక్కు ఆడవాళ్ళకు కూడా కావాలన్నది అందులో వారి వాదం. నన్ను కాపాడింది కూడా పోలీసు జీపు కాదు, విసనకర్ర.

అడిగిన తొమ్మిదిమందిలో ఆరుగురు ఆడవాళ్ళే. అందరూ ఒకేలాగ అడగలేదని కూడా చెప్పాలి. కొందరు తప్పిపోయిన పిల్లను అడిగినట్లు అడిగారు. పార్కు కాపలాదారు దొంగను అడిగినట్లు అడిగాడు. టిఫిను బండి ఆమె అడిగి, ఇంకొక ఇడ్లీ వేసి, డబ్బు తీసుకోలేదు. ఇక మా క్లాసు అబ్బాయి ఒకడు పోయిన ఏడు విశాఖలో రెండు రోజులు ఒంటరిగా తిరిగి వచ్చాడు. నిన్ను ఎన్నిసార్లు అడిగారని అడిగితే, "ఏమడుగుతరు?" అన్నాడు. ఆ ప్రశ్న ఉందనే వాడికి తెలియదు.

మా లక్సెట్టిపేటలో అయితే ప్రశ్న వేరు. బస్టాండు నుంచి గోదావరి ఒడ్డు దాకా ఒక్కదాన్నే పోతే "ఎవరి బిడ్డవే?" అంటారు. బాపు పేరు చెబితే ఆ సాయంత్రానికి బాపుకు తెలుస్తుంది. పట్నంలో ఎవరికీ మన పేరు తెలియదు, అదే పట్నం ఇచ్చే వరం. కాని ఆ వరాన్ని అబ్బాయిలు పట్నంలో దిగిన రోజు నుంచే వాడుకుంటారు, మనం హాస్టలు గేటు దగ్గర రిజిస్టరులో రాసి తిరిగి ఇచ్చేస్తాం.

సాయంత్రం వాల్తేరు ఎత్తు మీద విశ్వవిద్యాలయం దాకా నడిచాను. 1926లో పుట్టిన విద్యాలయం. అక్కడ అమ్మాయిలు జంటలుగా, గుంపులుగా, కొందరు ఒంటరిగా చెట్ల కింద పోతున్నారు. ఎవరూ ఎవరినీ అడగడం లేదు. రాతి మెట్టు మీద కూచుని కాళ్ళు నొక్కుకుంటూ రావిశాస్త్రి గారిని తలుచుకున్నాను. ఈ ఊరి వకీలాయన, 1993లో పోయారు. కోర్టు మెట్ల దగ్గర, సందుల్లో, సారా దుకాణాల దగ్గర కనిపించే మనుషులను మనకు కథలుగా ఇచ్చారు. గొప్ప కథలు. కాని ఆ చోట్లకు ఆ వేళల్లో పోగలిగినవారే ఆ కథలు రాయగలరు. మన సావనీరుకు అమ్మాయిలు పంపేవన్నీ అమ్మ మీద, వెన్నెల మీద కవితలేనని మన ఎడిటరు ఎగతాళి చేస్తారు. మేం చూడనిచ్చిన చోట్లు అమ్మ, వెన్నెల. రెండూ ఇంటి పెరట్లోంచి కనిపిస్తాయి.

రాత్రి ఫోన్ చేసి బాపుతో పన్నెండు కిలోమీటర్లకు పైన నడిచానన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, "అక్కడ ఇసుక ఎట్లుంది, సన్నగనా, దొడ్డుగనా?" అని అడిగాడు. చోటును బట్టి మారుతుందన్నాను. "అట్లనే ఉంటది" అన్నాడు. మళ్ళీ పని సంగతి అడగలేదు.

ఇప్పుడు యూనియను వారికి ఒక విన్నపం. ఈ ఏడు టూరు కూడా విశాఖకేనని వింటున్నాను. సంతోషం. పట్టికలో ఒక పూట, పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా, బస్సు ఆపేయండి. ఎవరికి ఇష్టమైన దారిన వారు పోతారు, ఒంటిగంటకు అందరూ ఒకచోట కలుస్తారు. అమ్మాయిలను ఆ పూట బస్సులో కూచోబెట్టి కాపలా కాయవద్దు. పాతబస్తీలో ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ మరుగుదొడ్డి ఉంది, ఏ వీధి ఏ వేళకు నిర్మానుష్యమవుతుంది అని ఒక పటం గీసి పెట్టాను, కావలసినవారికి ఇస్తాను. అమ్మాయిల వెయిటింగు రూములో నోటీసు బోర్డు పక్కన ఒక కాగితం అంటించి ఉంది. ఇది రాసేనాటికి దాని మీద పదకొండు పేర్లున్నాయి. అందులో రెండు మా కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసే అక్కలవి.